పొడి మాట

బట్టంబాంగ్‌లో, సాంకే నది వంతెన దిగగానే
టైర్ల కొట్టును ఆనుకుని రెండు గదుల ఆసుపత్రి.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా కాగితాలు లేవబోతాయి,
వొలేక్ వాటి నెత్తిన బామ్ డబ్బా పెడుతుంది.

కాగితం అడుగుతోంది:
గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా ఉన్నారు?
అసలు లేను. కొన్ని రోజులు. సగం కంటే ఎక్కువ. దాదాపు రోజూ.
నాలుగు గడులు.
లియోన్ నుంచి వచ్చిన డాక్టరు
పెన్ను మూత తీసి ఓపిగ్గా కూర్చున్నాడు.

యేయ్ సారెత్ మెడలోని గళ్ళ క్రొమా విప్పి
మళ్ళీ అలాగే చుట్టుకుంది.
"థ్లేక్ తుక్ చెత్," అంది.
మనసులో నీళ్ళు పడిపోయాయి, అని.

నేనీ కవిత రాస్తున్న భాషలో
దుఃఖమొస్తే గుండె చెరువవుతుంది,
గట్టు తెగేదాకా నిండుతుంది.
అక్కడ మాత్రం ఉన్న నీళ్ళే దిగిపోతాయి,
అడుగున బురద, అందులో ఇరుక్కున్న పడవ.
రెండు ఊళ్ళ మనుషులూ ఒకే కుండ మోస్తూ
ఒకరు బరువంటారు, ఒకరు వెలితి అంటారు.

"ఎన్ని రోజులు?" అన్నాడు డాక్టరు.
వొలేక్ అడిగింది.
"నీళ్ళకి రోజులేంటమ్మా," అంది ముసలమ్మ,
"మా తమ్ముణ్ణి కాలవ తవ్వకానికి తీసుకుపోయిన ఏడు పడ్డాయి.
చేపల ధర బావున్న నెలల్లో కాస్త పైకొస్తాయి."

ఇదే మాట నిన్న సాయంత్రం
మోటారు టాక్సీ బోరిన్ కూడా అన్నాడు,
బంతి గోలు కర్రకి తగిలి బయటికి పోయినందుకు.
అని, బీరు తాగి, పాడుకుంటూ వెళ్ళాడు.
అందరూ వాడే చిల్లర నాణెం ఆ మాట.
ఒక్కోసారి ఒక్కో చేతిలో
ఉన్నట్టుండి బంగారమంత బరువెక్కుతుంది.

ఇంకొకటుంది. "ఎక్కువ ఆలోచిస్తోంది" అంటారు.
అరటికాయ బజ్జీల సొఫీ మూడు రోజులుగా
మూకుడు పొయ్యెక్కించకపోతే
వీధంతా అదే మాట అంది.
ఏం ఆలోచిస్తోందో ఒక్కరూ అడగలేదు.
కొన్ని మాటలు తలుపు తెరవడానికి కాదు,
మెల్లగా, మర్యాదగా, దగ్గరకి వేయడానికి.

వొలేక్‌కీ మెడ నరాలు లాగేస్తున్నాయి ఈమధ్య.
రోజుకి పదకొండు మంది కథలు
ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి ఒంపుతుంది కదా,
అడుగున కొంచెం మిగిలిపోతుంది.
"గాలి లేచింది," అంటుంది రాత్రి వాళ్ళ పిన్ని.
కారణం అడగదు.
బామ్ రాసి నాణెంతో వీపు గీస్తుంది,
వెన్నుకి అటూ ఇటూ ఎర్రటి చారలు, చేప ముళ్ళలా.
గాలి అన్నారు కాబట్టి ఏడవక్కర్లేదు.
గాలి అన్నారు కాబట్టే
ఇంకో మనిషి చెయ్యి వీపు మీద ఉంది.

"ఇంతకీ నా పేరెదురుగా ఏం రాశావు?"
యేయ్ సారెత్ కాగితం మీదికి వంగింది.
చదువు రాదు, అయినా చూసింది.
వొలేక్ డాక్టరు భాషలోని మాట పలికింది,
పొడుగాటిది, చివర గరగరమనేది.
ముసలమ్మ దాన్ని నోట్లో వేసుకుని
పులుసులో ఉప్పు చూసినట్టు చూసింది.
"పొడిగా ఉంది," అంది.
"చుక్క నీరు లేదు దీంట్లో."

"ఏమంటోంది?"

వొలేక్ ఒక్క క్షణం ఆగింది.
ఆరేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి
తప్పని తెలిసి తప్పు అనువాదం చేసింది:
"దాహంగా ఉందంటోంది."

ఆయన గబుక్కున లేచాడు,
మోకాలు బల్లకి కొట్టుకుంది.
మూలనున్న పెట్టెలోంచి సీసా తెచ్చి
మూత తనే తిప్పి, రెండు చేతులతో ఇచ్చాడు.
ఆమె సగం తాగింది.
మిగతా సగం క్రొమాలో చుట్టి
ఎండుచేపల బుట్టలో నిలబెట్టుకుంది,
ఒలకకుండా.